కచేరీ హాలు దయ్యం

పాత కచేరీ హాలులో దయ్యం ఉందన్న మాట ఊళ్ళో అందరూ విన్నదే. ఆదివారం మధ్యాహ్నాలు హాలు మేనేజరు జనాన్ని లోపలికి తీసుకెళ్ళి ఆ కథ చెప్పేవాడు. ఒక మనవరాలు సరదాగా చూసొద్దామని బయల్దేరితే, ఎన్నడూ ఆ వీధివైపు రాని అమ్మమ్మ "నేనూ వస్తానే" అని చెప్పులు వేసుకుంది.

వేదిక ముందు మేనేజరు గొంతు తగ్గించాడు.

"చాలా ఏళ్ళ కిందట ఒక అమ్మాయి ఇక్కడే తొలి కచేరీ చేసింది. పాట మధ్యలో గొంతు పట్టేసింది. అక్కడికక్కడే కుప్పకూలి ప్రాణం విడిచింది. చెవులు రిక్కించి వినండి, ఇప్పటికీ పాడుతుంది."

తెర వెనక సన్నగా కూనిరాగంలాంటి చప్పుడు. మనవరాలు అమ్మమ్మ చెయ్యి గట్టిగా పట్టుకుంది.

"శ్రుతి ఎక్కడుంది అందులో? గాలి బాబూ అది, నేను కాదు," అంది అమ్మమ్మ.

మేనేజరు నవ్వబోయి, ఆవిడ మొహం చూసి ఆగాడు.

"గొంతు పట్టేసిన మాట నిజమే. కానీ నేను చావలేదు. వెనక తలుపులోంచి పారిపోయాను. తెల్లారేసరికి మావాళ్ళు నన్ను అత్తయ్య ఊరు పంపేశారు. పెళ్ళయ్యి తిరిగొస్తే ఒక్కరూ గుర్తుపట్టలేదు."

"నువ్వు పాడేదానివా అమ్మమ్మా?" మనవరాలు నోరు వెళ్ళబెట్టింది.

"మానేశాను. ఊరంతా నన్ను చూసి నవ్వుకుని ఉంటుందని..."

"నవ్వడమేంటమ్మా!" మేనేజరు దగ్గరికొచ్చాడు. "మా నాన్న ఆ రోజు ఈ హాల్లోనే ఉన్నాడు. తర్వాత మీరు పోయారన్న పుకారు విని చిన్నపిల్లాడిలా ఏడ్చాడట. అలాంటి గొంతు మళ్ళీ వినలేదనేవాడు."

అమ్మమ్మ దగ్గరున్న కుర్చీలో కూలబడింది. ఇంట్లో ఒంటరిగా ఉన్నప్పుడు కూడా ఇన్నేళ్ళూ ఒక్క పల్లవి ఎత్తుకోలేదు ఆవిడ.

"ఏడ్చాడా?" అంది. "నిజంగా?"

"ఒట్టు."

ఆవిడ కొంగుతో కళ్ళొత్తుకుని, అంతలోనే ఫక్కున నవ్వింది.

"మరి ఇకమీదట జనానికి ఏం చెప్పమంటారమ్మా?"

"ముందు నన్ను బతికించు నాయనా. మిగతాది నీ ఇష్టం."

బస్టాపులో అమ్మమ్మ మనవరాలికి తన సంగీతం గురువు గురించి, ఆయన ముక్కోపం గురించి చెబుతూనే ఉంది. బస్సు వచ్చి వెళ్ళిపోయిన సంగతి ఇద్దరికీ తెలియలేదు.

ఆపై వారం నుంచి ఆ కథ చెప్పే పని అమ్మమ్మే తీసుకుంది. పాడమంటే మాత్రం "దయ్యాన్ని తొందరపెట్టకండి" అనేది. కథ అయ్యాక పిల్లలు బెరుకుబెరుగ్గా వచ్చి ఆవిడ చెయ్యి ముట్టుకుని చూసేవారు. వెచ్చగానే ఉందని తెలిశాక, వాళ్ళ అమ్మల్ని కూడా పిలిచి ముట్టుకోమనేవారు.