వెంకటస్వామి కొడుకు తాగలేదు

నాగబాబు ఉర్లా పారిశ్రామికవాడలోని ఒక ఫ్యాక్టరీలో పద్దెనిమిదేళ్లు లేతు మిషను నడిపాడు. చుక్క ముట్టి ఎరగడు. అయినా నడక తూలేది, మాట ముద్దగా వచ్చేది. అది తండ్రి నుంచి వచ్చిన నరాల జబ్బు. తండ్రి వెంకటస్వామి రైల్వేలో పనిచేసేవాడు. వాళ్లుండే గుఢియారీ పేటలో ఆయన్ని అందరూ తాగుబోతనే అన్నారు. ఆ పేరుతోనే పోయాడు.

ఆయన పోయిన ఏడాది, 2012లో, డాక్టర్ పూర్ణిమ వాళ్లింటికి మొదటిసారి వచ్చింది. ఈ జబ్బున్న కుటుంబాలను ఏళ్ల తరబడి గమనించే పరిశోధన ఆమెది. మందేమీ లేదని ముందే చెప్పింది. ఏటా వచ్చి నాగబాబునూ, స్కూలు టీచరైన అతని చెల్లెలు వీణనూ సుద్దగీత మీద నడిపించి వీడియో తీసుకునేది.

ఆమె రావడం మొదలైన పన్నెండో ఏడు ఫ్యాక్టరీలో నాగబాబును గేటు దగ్గరే ఆపేశారు. తాగి డ్యూటీకి వస్తున్నాడని రాసి, పనిలోంచి తీసేశారు. జబ్బని చెబితే అదంతా బహానా, వట్టి సాకు అన్నారు.

వీణ పూర్ణిమకు ఫోన్ చేసింది.

"మేడమ్, అన్నయ్య వీడియోలు, రిపోర్టులు అన్నీ కావాలి."

"అవి రీసెర్చివమ్మా. అలా ఇవ్వడానికి రూల్ ఒప్పుకోదు."

"పన్నెండేళ్లు మీరు రమ్మన్నప్పుడల్లా ఛుట్టీ పెట్టి నడిచాం. మందు లేదన్నా ఏమీ అడగలేదు. ఇప్పుడు అడుగుతున్నాను. ఆ నడక మా అన్నయ్యది. ఆయన కాగితాలు ఆయనకివ్వకపోతే ఇక మా గుమ్మం ఎక్కకండి."

పూర్ణిమ నాగబాబు చేత అర్జీ పెట్టించింది. పరిశోధనలకు అనుమతులిచ్చే కమిటీ ముందు తనే వాదించింది. ఆరు వారాలకు అనుమతి రాగానే అన్నాచెల్లెళ్లతో పాటు తనూ ఉర్లా వెళ్లింది.

మేనేజర్ గదిలో లాప్‌టాప్ పెట్టారు. మొదటి వీడియోలో నాగబాబు గీత తప్పకుండా నడిచాడు. ఏడాది మారేకొద్దీ కాలు పక్కకు పోతూ వచ్చింది. చివరి వీడియోలో గోడ పట్టుకున్నాడు.

"ముందే సరిగ్గా చెప్పాల్సింది," అన్నాడు మేనేజర్ హిందీలో.

"చెప్పాను సాబ్," నాగబాబు కూడా హిందీలోనే, ఒక్కో మాటా కూడబలుక్కుని అన్నాడు. "నోరు వాసన చూశారు. వాసన లేదు. అయినా రాశారు. అది తప్పని రాసివ్వండి."

టూల్ స్టోర్‌లో కూర్చుని చేసే పని ఇస్తామన్నారు. సరేనన్నాడు గానీ, ఆ కాగితం చేతికొచ్చే దాకా కుర్చీలోంచి లేవలేదు.

ఆ ఏటి పరీక్షలో వీణ రెండుసార్లు గీత తప్పింది. పూర్ణిమ రాయడం ఆపింది.

"రాయండి మేడమ్. ఇన్నాళ్లూ రక్తపరీక్ష వద్దన్నాను. ఇప్పుడు చేయండి."

మూడు వారాలకు ఫలితం వచ్చింది. వీణకూ ఉంది. ఆ రాత్రి ఆమె అన్నం ముట్టలేదు. మర్నాడు రిపోర్టు తీసుకెళ్లి హెడ్‌మిస్ట్రెస్ టేబుల్ మీద పెట్టింది.

"రేపు నేను తూలితే కారణం ఇది. ఇంకేదో అనుకుంటారని ముందే చెప్తున్నాను. నిలబడలేని రోజు కూర్చుని పాఠం చెప్తాను. క్లాసు మాత్రం వదలను."

హెడ్‌మిస్ట్రెస్ రిపోర్టు చదువుతుండగానే బెల్లు మోగింది. వీణ చాక్‌పీసు తీసుకుని ఏడో తరగతికి వెళ్లింది.