అద్దె పైలట్లు

ట్యూనిస్ విమానాశ్రయంలో, పైలట్ల గదిలో, అందరూ చూస్తుండగానే నజీబ్ మెడలోంచి గుర్తింపు కార్డు లాగేసుకున్నారు. ఇరవై ఆరేళ్ళ సర్వీసు ఆయనది. చేసిన నేరమల్లా ఒకటే. మూడు ట్రిప్పులు నడిపొచ్చాక నాలుగోది కూడా ఎక్కమంటే, "కళ్ళు మూతలు పడుతున్నాయి. నూట ఎనభై మందిని ఈ కళ్ళతో పైకి లేపలేను" అన్నాడు.

"డ్యూటీలు వేసేది కంప్యూటరు, కెప్టెన్. మీకింకా రెండు గంటల ఓపిక ఉందంటోంది" అన్నాడు కొత్త మేనేజరు.

"అయితే దాన్నే నడుపుకోమను."

ఇద్దరు సెక్యూరిటీ వాళ్ళు ఆయన్ని రెక్కలు పట్టుకుని బయటికి నడిపించారు. ఆరేళ్ళుగా ఆయన పక్క సీట్లో ఎగిరిన సల్వా, కాఫీ కప్పు పట్టుకుని అలాగే నిలబడిపోయింది. అడ్డం వెళ్ళలేదు. ఆ సిగ్గే ఆమెని పైలట్ల సంఘం ఆఫీసుకి ఈడ్చుకెళ్ళింది.

ఆఫీసు కిక్కిరిసింది. తాము కూలీలు కాదని వాళ్ళంతా ఇన్నాళ్ళూ అనుకున్నారు. ఇప్పుడు అరుస్తున్నారు.

"సమ్మె!" అని బల్ల గుద్దాడు హేదీ, అందరిలోకీ పెద్దవాడు. "మా రోజుల్లో మేం దిగామంటే మంత్రి పరిగెత్తుకొచ్చేవాడు."

సమ్మె మొదలైంది. మంత్రి రాలేదు. విమానాలొచ్చాయి. ఒంటి మీద పేరైనా లేని తెల్ల విమానాలు, పైలట్లతో సహా అద్దెకి తెచ్చినవి. ప్లకార్డులు పట్టుకున్న వాళ్ళ నెత్తిమీదుగానే ఒక్కొక్కటీ లేచిపోయాయి. సూట్‌కేసు లాక్కెళ్తున్న ఒకావిడ ఆగి, "అంతంత జీతాలు తింటూ ఏం పోయేకాలం మీకు?" అని తిట్టిపోసింది. మూడో రోజుకి సమ్మె చచ్చిపోయింది. అద్దె విమానాలు మాత్రం వెనక్కి పోలేదు.

"మన చేతిలో ఇంకేం మిగిలింది బాబాయ్?" అంది సల్వా హేదీతో. "మన కంపెనీలోనే సగం మంది కాంట్రాక్టు పైలట్లు. పోయినేడు సభ్యత్వం అడిగితే గుమ్మంలోంచే తరిమేశాం."

"మన కూడు లాక్కునేవాళ్ళని నెత్తిన పెట్టుకోమంటావా?"

"లాక్కుంటున్నది వాళ్ళా? నిద్ర లేక వాళ్ళూ చస్తున్నారు. అద్దె విమానాల వాళ్ళూ అంతే."

"నిన్నగాక మొన్న వచ్చావు, నాకు చెప్తున్నావా!"

సల్వా అద్దె పైలట్లు దిగిన హోటలుకి వెళ్ళింది. దిమితర్ అనే బల్గేరియా వాడు శనగల పులుసులో రొట్టె నానబెట్టుకుంటున్నాడు.

"నేను కాదంటే ఫోను ఇంకొకడికి మోగుతుంది" అన్నాడు తలెత్తకుండా. "నిన్న నేను పడుకుంది నాలుగు గంటలు."

"ఆ మాట పైకి అనగలవా?"

అతను ఇంకో రొట్టె ముక్క తుంచుకున్నాడు. కానీ గురువారం నాడు, జనం ఎక్కి కూర్చున్నాక, "అలిసిపోయాను, నడపలేను" అని మెట్లు దిగి వచ్చేశాడు.

కాసేపట్లో ఇంకొకణ్ణి పట్టుకొచ్చారు. విమానం రెండు గంటలు ఆలస్యంగా వెళ్ళింది. అంతే. దిమితర్‌ని ఉద్యోగంలోంచి పీకి సాయంత్రమే ఇంటికి పంపేశారు. "ఒకణ్ణి నిండా ముంచేశాను" అని సల్వా గోడకి తల ఆనించి ఏడ్చింది.

మర్నాడు ఏడుగురు కాంట్రాక్టు పైలట్లు సంఘం గుమ్మంలో నిలబడ్డారు. "రేపు మా గతీ అదే. మమ్మల్ని చేర్చుకుంటారా?"

హేదీ వాళ్ళని ఎగాదిగా చూశాడు. గుమ్మంలోంచి పక్కకి తప్పుకున్నాడు.

మొదటివాడు పేరు రాస్తుండగానే పోలీసులు వచ్చారు. ప్రజల ప్రయాణాలకి అడ్డుపడిందని సల్వా మీద అరెస్టు కాగితం తెచ్చారు. హేదీ అడ్డం వెళ్తే గోడకి నెట్టేశారు. అంతమంది ఉండీ ఆపలేకపోయారు. సల్వాని ఎక్కించుకెళ్ళిన జీపు చప్పుడు వీధి మలుపు దాటి వినబడకుండా పోయింది.

ఏడుగురూ ఒకళ్ళ మొహాలు ఒకళ్ళు చూసుకున్నారు. ఒకడు టోపీ తీసుకుని తలుపు వైపు కదిలాడు.

"ఎక్కడికి నాయనా?" అన్నాడు హేదీ, పేర్ల పుస్తకం వాళ్ళ వైపు జరుపుతూ. "కూర్చోండి. మీటింగు ఇంకా అవలేదు."