పంతొమ్మిది సంతకాలు

హేజెల్ ఓడెగార్డ్ చేతిని పట్టుకుని సంతకం చోటికి జరిపింది ఆర్లిసే. ముసలమ్మకు చూపు దాదాపు పోయింది. "ఇక్కడేనా?" అని అడిగి, వంకర అక్షరాలతో పేరు రాసి, "నువ్వు తెచ్చావంటే మంచిదే అయుంటుందిలే," అంది. ఆర్లిస్ కాగితాన్ని అట్ట ఫైల్లో పెట్టుకుంది. పొద్దుటినుంచి అది పంతొమ్మిదోది.

కారులో హీటరు సరిగా పనిచెయ్యడం లేదు. చేతులు తొడల కింద పెట్టుకుని కాసేపు అలాగే కూర్చుంది. టోర్వాల్ ఊరి బ్యాంకు కౌంటరు వెనక ఆమెకిది ముప్ఫై ఒకటో ఏడు. గంటకు పదహారు డాలర్ల నలభై సెంట్లు. మొగుడు డెల్‌కి ఇన్సులిన్ బ్యాంకు ఇచ్చే బీమా మీదే వస్తోంది. రెండు చెడ్డ సంవత్సరాల్లో జీతం పెంచలేక బ్యాంకు సిబ్బందికి షేర్లు ఇచ్చింది. అలా ఆమెకూ రెండువందల పన్నెండు ఉన్నాయి.

ఆ షేర్లు బ్యాంకువి కావు. బ్యాంకును తన చేతిలో పెట్టుకున్న మరో కంపెనీవి. ఊళ్ళో అందరూ దాన్ని 'పై కంపెనీ' అంటారు. అందులో నూటికి అరవై ఒక్క వంతులు చైర్మన్ ట్రెంట్ బాకెన్ కుటుంబానివి. మిగతావి రెండువందల గడపల్లో, బట్టల బీరువాల అడుగున ఉన్నాయి. ఇప్పుడు ట్రెంట్ ఐదువందల షేర్లను కలిపి ఒక్కటి చేస్తానంటున్నాడు. అంతకన్నా తక్కువున్న వాళ్ళు షేరుకు ముప్ఫై ఎనిమిది డాలర్లు పుచ్చుకుని బయటికి నడవాలి. దానికి మూడింట రెండొంతుల ఓట్లు కావాలి. తక్కువపడ్డ ఓట్ల కోసమే, సరేననే ఓటు కాగితాలూ లావుపాటి వివరాల పుస్తకమూ ఇచ్చి ఆర్లిస్‌ను ఇల్లిల్లూ తిప్పుతున్నాడు. ఊరు ఆమె మాట నమ్ముతుందని అతనికి తెలుసు.

"పుస్తకంలో వెనక పేజీల సంగతి ఎత్తకు. ముసలివాళ్ళు ఊరికే కంగారుపడతారు," అని పొద్దున్నే చెప్పి పంపాడు.

మధ్యాహ్నం కారులోనే రొట్టె తింటూ ఆమె ఆ వెనక పేజీలు తీసింది. బ్యాంకు ఆస్తిని షేర్లకు పంచితే ఒక్కోదానికి డెబ్బై ఒక్క డాలర్లు వస్తాయని ఒక పట్టికలో ఉంది. ఇష్టం లేనివాళ్ళు ఓటింగుకు ముందే ఆ మాట రాసి ఇస్తే, సరైన ధర కోసం కోర్టుకు వెళ్ళవచ్చునని ఎనభై ఏడో పేజీలో సన్నటి అక్షరాల్లో ఉంది. సరేనని ఓటు వేసినవాళ్ళకు ఆ హక్కు ఉండదు. ఆ వాక్యాన్ని ఆమె మూడుసార్లు చదివింది. రొట్టె సగంలోనే కాగితంలో చుట్టేసింది.

ఇరవయ్యో ఇల్లు ఆర్విల్ స్కార్‌ది. చక్కెర మిల్లుకు బీటు దుంపల లారీ నడిపి నడిపి నడుం వంగిపోయిన మనిషి. పంతొమ్మిదివందల ఎనభైల్లో బ్యాంకు మూతపడబోతే, ఊరంతా తలో చెయ్యీ వేసినప్పుడు తన పికప్పు బండి అమ్మి నూటనలభై షేర్లు కొన్నాడు. అప్పుడు షేరు ఇరవై ఐదు డాలర్లు. ఆ ఏడు చలికాలమంతా మిల్లుకు నడిచే వెళ్ళాడు.

ఆయన కాఫీ పోసిచ్చి, కలం చేతిలోకి తీసుకుని ఆగాడు.

"ఈ సంతకం పెడితే నేను ఫిబ్రవరిలో షేర్లవాళ్ళ మీటింగుకి రాకూడదా?"

"రావడానికుండదు, ఆర్విల్. అప్పటికి మీకు షేర్లుండవు."

"డబ్బు సంగతి కాదమ్మాయ్. డివిడెండు నా మందులకే చాలదు. కానీ ఏడాదికోసారి నేను లేచి అడిగితే ఆ ట్రెంట్ నిలబడి జవాబు చెప్పాలి. ఇంకెక్కడా నాకెవడూ నిలబడి జవాబు చెప్పడు." కాఫీ ఊదుకుని ఆమె మొహంలోకి చూశాడు. "నువ్వయితే పెడతావా?"

తనదీ సంతకం పెట్టని కాగితమే. అది సంచిలో ఉంది. నిన్నటిదాకా పెట్టాలనే అనుకుంది.

"పెట్టను," అంది. ఎనభై ఏడో పేజీ తీసి, ఆయన చెవి దగ్గర వంగి, మొదటినుంచి చివరిదాకా చదివి వినిపించింది. డెబ్బై ఒక్క డాలర్ల సంగతీ చెప్పింది. ఆర్విల్ కలం బల్లమీద పెట్టేశాడు. అప్పుడడిగాడు: "పొద్దున హేజెల్ ఇంటి ముందు నీ కారు చూశాను. మరి ఆమెకి చదివావా ఇది?"

ఆమె అట్ట తెరిచి, అన్నిటికన్నా పైనున్న వంకర అక్షరాల సంతకాన్ని చూసింది.

నాలుగింటికి బ్యాంకు తలుపు దగ్గరే ఎదురొచ్చాడు ట్రెంట్. ఎన్ని అయ్యాయని అడుగుతూ అట్ట కోసం చెయ్యి చాచాడు. పంతొమ్మిదని చెప్పింది గానీ ఆమె అట్ట అందించలేదు.

"వీటిని ఎవరివి వాళ్ళకి వెనక్కి ఇచ్చేస్తున్నానండీ. నేను వాళ్ళకి సగమే చెప్పాను."

ట్రెంట్ గొంతు పెంచలేదు. ఆమెను గదిలోకి పిలిచి తలుపు వేశాడు. ముప్ఫై ఒక్క ఏళ్ళ నమ్మకాన్ని ఇలా పోగొట్టుకోవడం తనకు బాధగా ఉందన్నాడు. బ్యాంకు చల్లగా ఉంటేనే ఊరు చల్లగా ఉంటుందన్నాడు. తరవాత, ఏదో గుర్తొచ్చినట్టు, డెల్ ఆరోగ్యం ఎలా ఉందని అడిగాడు.

ఆమెకు అర్థమైంది. నెలకు ఎన్ని సీసాలు కావాలో, బీమా లేకుండా ఒక్కో సీసా ధరెంతో ఆమెకు నోటికి వచ్చు. అట్టను రెండు చేతులా గుండెకు ఆనించుకుంది.

"తాళంచెవులు ఇక్కడ పెట్టి వెళ్ళు. ఆ అట్ట కూడా," అన్నాడు.

కోటు జేబులోంచి తాళంచెవులు తీసి బల్లమీద పెట్టింది. ఖజానాది, వెనక తలుపుది, తన సొరుగుది. అతను అట్టకేసి చూస్తూనే ఉన్నాడు.

"ఇది బ్యాంకుది కాదండీ. సంతకం పెట్టినవాళ్ళది."

బయట మంచు పడుతోంది. డెల్‌కి ఏం చెప్పాలో ఆమెకింకా తోచలేదు. కారు అద్దం మీది మంచును మోచేత్తో తుడిచి, తన ఇంటివైపు కాకుండా హేజెల్ ఇంటివైపు బండి తిప్పింది.