పడ్డోడు చెయ్యెత్తాలె

మోటోజీపీ బైకు రేస్ ఉన్న ఆదివారం సిద్దిపేటలో మహేందర్ దుకాణం షట్టర్ సగమే ఎత్తి ఉండేది. బండ్ల స్టిక్కర్లు, హెల్మెట్లు, అద్దాలు అమ్మే ఆ చిన్న మడిగెలో వెనక గోడకు టీవీ ఉంది. దాని ముందు కూర్చునే కుర్రాళ్లలో ఎవరూ ఇటలీ చూడలేదు, స్పెయిన్ చూడలేదు. అయినా ఏ ట్రాక్‌లో ఏ మలుపు దగ్గర బ్రేక్ ఎక్కడ పట్టాలో కొట్టుకునేంత పని చేసేవాళ్లు. ఇటలీ రైడర్ రోసీ రిటైరై ఏళ్లు గడిచినా మహేందర్ బండి మీద అతని నంబరు, పసుపు రంగు 46 అలాగే ఉంది. వినయ్‌ది స్పెయిన్ రైడర్ మార్క్వెజ్ పక్షం. వినయ్ ఎర్ర బండి ముందు మార్క్వెజ్ నంబరు 93. చెయ్యి విరిగి ఆపరేషన్ అయిన వారంలోపే మళ్లీ బండెక్కడానికి ట్రాక్ మీదికి వచ్చినవాడు మార్క్వెజ్ అని వినయ్ చెప్పని రోజు లేదు. ఆ తొందర వల్లే ఆ చెయ్యి ఏళ్ల తరబడి ఏడిపించిందని, మరో మూడు ఆపరేషన్లు అయ్యాయని ఆకాశ్ అంటే, "అయినా చాంపియన్ అయిండా లేడా?" అనేవాడు. అయ్యాడు మరి.

ఇబ్రహీంపూర్‌లో సేద్యం చేసే సిద్ధయ్య కొడుకు ఆకాశ్. ఆ ఇంట్లో డిగ్రీ దాకా చదివిన మొదటివాడు. సిద్దిపేటలో ఒక ప్రైవేటు బడిలో సైన్సు చెప్తాడు. వినయ్ తండ్రి సిద్ధిరాములుకు బట్టల దుకాణం ఉంది. మహేందర్ కిరాయికి ఉన్న మడిగె కూడా ఆయనదే. కొడుకు బండి పిచ్చి ఆయనకు నచ్చదు. వినయ్ తల్లి రాధాబాయి మాత్రం, "ఆకాశ్ ఎంట ఉంటె నాకు రంది లేదు" అని కొడుకును పంపేది. ఆ మాట ఆకాశ్‌కు బరువుగానే ఉండేది, గర్వంగా కూడా ఉండేది.

రేస్ సాయంత్రం ఉంటే, ఆ పొద్దున వాళ్లు బండ్లు తీసేవాళ్లు. పెద్ద రోడ్డు మీద కాదు, కుకునూరుపల్లి దాటాక లోపలి రోడ్ల మీద. దానికొక ఆచారం ఉండేది. ఎవరైనా పడితే మిగతావాళ్లు ఇంజన్లు ఆపి చుట్టూ నిలబడతారు. పడ్డవాడు చెయ్యెత్తాలి. ఎత్తగానే అందరూ హారన్లు కొడతారు. తర్వాత వాడు బండి మీదే ఊరికి రావాలి. ఆటోలో వస్తే వాడు రేస్ విడిచిపెట్టినట్టు లెక్క. రెండేళ్ల కింద మహేందర్ మెడ దగ్గరి ఎముక విరిగి, ఒక్క చేత్తో హ్యాండిల్ పట్టుకొని వచ్చాడు. ఆ కథ వాళ్లలో ఇప్పటికీ మొన్న జరిగినట్టే నడుస్తుంది. అదంతా టీవీలో చూసి నేర్చుకున్నదే. పడతారు, గులకరాళ్లలో దొర్లుతారు, లేచి దుమ్ము దులుపుకొని బండి వైపు పరుగెత్తుతారు. గెలిచినవాడికంటే అట్లా లేచి ఆఖరున వచ్చినవాడికి మహేందర్ దుకాణంలో ఎక్కువ చప్పట్లు పడేవి.

ఆ ఆదివారం సాయంత్రం పోర్చుగల్‌లో రేస్. పొద్దున్నే దౌల్తాబాద్ పోయే దారిలో వినయ్, మహేందర్, ఆకాశ్ ముగ్గురే ఉన్నారు. మలుపు వాళ్లకు తెలిసిందే. తెలియనిది, సగం రోడ్డు మీద కొండవ్వ అనే ముసలామె మక్కలు ఆరబోసిందని. అంచు పొడుగునా రాళ్లు పేర్చింది. వినయ్ లోపలికి వంగాడు. ముందు చక్రం గింజల మీద ఎక్కింది. బండి ఒక వైపు జారిపోయింది, అతను వెన్ను తగిలేలా పోయి రాళ్ల మీద పడ్డాడు.

పెద్ద వేగం కూడా కాదు. అందుకే మొదట ఎవరికీ భయం వేయలేదు. చేను గట్టు మీది నుంచి కొండవ్వ తిట్టుకుంటూ వచ్చి, పడ్డవాడి మొహం చూసి నీళ్ల సీసా తెచ్చిచ్చింది. వినయ్ నడుము నొస్తుందన్నాడు. మోకాళ్లు ముడిచాడు, చాపాడు. మహేందర్ అతని హెల్మెట్ పట్టి లాగి తీశాడు.

"చెయ్యెత్తురా. సాయంత్రం రేస్ పెట్టుకొని ఈడ పండుకుంటవా?"

వినయ్ పడుకునే చెయ్యెత్తాడు. మహేందర్ పరుగెత్తుకెళ్లి హారన్ కొట్టాడు. కొండవ్వ కూడా, "లేపుండ్రి బిడ్డా, ఎండల ఏం పండవెడ్తరు" అంది. మహేందర్ ఒక చంక, ఆకాశ్ ఒక చంక పట్టారు. వినయ్ లేచి నిలబడ్డాడు. పళ్లు బిగపట్టి రెండడుగులు వేశాడు. తర్వాత మిగతా బండ్లు అక్కడే వదిలి, మహేందర్ బండి మీద నడుమ కూర్చోబెట్టుకున్నారు. వెనక ఆకాశ్, అతని నడుము చుట్టూ చేతులు వేసి.

రోడ్డు గుంతలమయం. పెద్ద రోడ్డు ఎక్కాక వినయ్ ఒక మాట అడిగాడు.

"ఆకాశ్, నా కాళ్లు ఫుట్‌రెస్ట్ మీద ఉన్నయా?"

ఆకాశ్ వంగి చూశాడు. కుడికాలు బయటికి వేలాడుతోంది. మలుపు ముందు బ్రేక్ వేస్తూ రైడర్లు కాలు బయట పెడతారు, అచ్చం అట్లాగే. ఒక్క క్షణం వినయ్ ఆట పట్టిస్తున్నాడనుకున్నాడు. బూటు ముందు భాగం రోడ్డుకు రాసుకుంటోంది. ఆ సంగతి వినయ్‌కు తెలియడం లేదు.

అక్కడే బండి ఆపారు. ఆటోను ఆపి అందులో పడుకోబెట్టారు. దవాఖాన వచ్చేదాకా మహేందర్ మాట్లాడుతూనే ఉన్నాడు. సిద్ధిరాములుకు అసలు సంగతి తెలిస్తే మడిగె ఖాళీ చేయిస్తాడు, ఇగ టీవీ లేదు, రేస్ లేదు. కాబట్టి పడ్డ చోటు నుంచే ఆటోలో తెచ్చామని చెప్పాలి. వినయ్ కళ్లు మూసుకొని, సరే అన్నట్టు తల ఊపాడు. తనకేం కాలేదని, వారంలో లేస్తానని అన్నాడు. ఆకాశ్ ఏమీ అనలేదు. అనకపోతే ఒప్పుకున్నట్టేనని అతనికి తెలుసు.

దవాఖానలో డాక్టర్ శ్వేత స్కానింగ్ ఫొటోలు తీయించి చూసింది. అప్పటికి సిద్ధిరాములు, రాధాబాయి వచ్చారు. వెన్నులో ఒక ఎముక చితికి నరాల మీద ఒత్తుకుంటోందని డాక్టర్ చెప్పింది. పడ్డాక ఒక్కసారైనా కాళ్లు కదిలాయా అని అడిగింది.

"లేదు మేడం," అన్నాడు మహేందర్. "పడ్డప్పటి సంది కదల్తలేవు. గట్లనే ఆటోల ఏసుకొచ్చినం."

వినయ్‌ను అడిగితే అతనూ అదే చెప్పాడు. డాక్టర్ కాసేపు ఆలోచించి, మొదటి నుంచీ కదలిక లేకపోతే ఆశ తక్కువని, హైదరాబాద్ తీసుకెళ్లమని, పెద్ద డాక్టర్లు చూసి నిర్ణయిస్తారని చెప్పింది. సిద్ధిరాములు బామ్మర్దికి ఫోన్ చేశాడు. బామ్మర్దికి అక్కడి ఒక పెద్ద డాక్టర్ తెలుసు, కానీ ఆయన తిరుపతి నుంచి తెల్లారి వస్తాడు. ఆయన వచ్చాక అందరం కలిసి పోదామని మాట అనుకున్నారు.

ఆకాశ్ డాక్టర్ వెనకే నాలుగడుగులు వేసి, ఒకవేళ ముందు కదిలి తర్వాత పోతే ఏమవుతుందని అడిగాడు. అట్లయితే నరం పూర్తిగా పోలేదని అర్థమని, ఒత్తిడి తీసేస్తే తిరిగి రావచ్చని, కానీ అది ఇవాళే కావాలని, ప్రతి గంటా లెక్కేనని ఆమె చెప్పింది. ఎందుకు అడుగుతున్నావని అతని మొహం చూసింది. ఊరికే అన్నాడు ఆకాశ్.

వరండాలోకి వచ్చి నిలబడ్డాడు. ఇన్నేళ్లలో ఎన్ని రేసులు చూశామో, ఎంతమంది పడటం చూశామో గుర్తు చేసుకున్నాడు. లేచినవాళ్లంతా గుర్తుకొచ్చారు. లేవనివాళ్లు రాలేదు. ఎవరైనా పడి కదలకుండా ఉంటే కెమెరా వెంటనే వేరే వైపు తిరిగిపోతుంది. గ్యాలరీ చూపిస్తుంది, మేనేజర్ల మొహాలు చూపిస్తుంది. ఆ మనిషిని ఎట్లా కదిలించారో, దేని మీద పడుకోబెట్టారో, మెడ కింద చెయ్యి ఎట్లా పెట్టారో చూపించదు. పడ్డవాళ్లను చూసీ చూసీ తాము నేర్చుకున్నది సగమే. ఆ సగంతోనే వినయ్‌ను లేపారు.

మహేందర్ వచ్చి భుజం మీద చెయ్యి వేశాడు. వద్దురా, నాకు పెళ్లాం పిల్లలున్నరు అన్నాడు. అది అబద్ధం కాదు. ఆ మడిగె మీదే ఆ ఇల్లు బతుకుతుంది. ఆకాశ్ ఆ చెయ్యి తీసి, లోపలికి నడిచాడు.

డాక్టర్, వినయ్ తల్లిదండ్రులు మంచం దగ్గరే ఉన్నారు.

"మేడం, గట్ల కాదు జరిగింది. పడ్డంక వినయ్ కాళ్లు ఆడినయ్. నిలవడ్డడు, రెండడుగులు ఏసిండు. మేమే లేపినం. బండి మీద నడుమ కూసవెట్టుకొని తెచ్చినం. దారిల పోయినయ్ కాళ్లు."

డాక్టర్ మరో మాట అడగలేదు. ఫోన్ అందుకుంటూ బయటికి వెళ్లింది. అంబులెన్స్ ఇప్పుడే కావాలని ఎవరికో గట్టిగా చెప్పడం వినిపించింది.

సిద్ధిరాములు అరవలేదు. ఎవరెవరు లేపారని మాత్రం అడిగాడు. నేను, మహేందర్ అని ఆకాశ్ చెప్పాడు. ఆయన తల తిప్పుకున్నాడు. రాధాబాయి ఆకాశ్ చొక్కా చెయ్యి పట్టుకుంది.

"నువ్వు ఎంట ఉన్నవ్ గద బిడ్డా," అంది.

అది తిట్టు కాదు.

స్ట్రెచర్ మీద పోతూ వినయ్ ఒక్కసారి అతన్ని చూశాడు. "నీకెవడు చెప్పుమన్నడురా," అన్నాడు. అంబులెన్స్ తలుపు మూసుకుంది. ఆకాశ్‌ను ఎవరూ ఎక్కమనలేదు.

ఆ సాయంత్రమే హైదరాబాద్‌లో ఆపరేషన్ అయింది. కొన్నాళ్లకు ఎడమ పాదంలో కదలిక వచ్చింది, మోకాలు కాస్త ముడవగలిగాడు. కుడికాలు రాలేదు. వస్తుందని గానీ రాదని గానీ డాక్టర్లు చెప్పలేదు. నడుముకు గట్టి బెల్టు వేశారు. ఫిజియోథెరపీ మనిషి లేకుండా నిలబెట్టొద్దని, ఒక్కసారి తూలి పడితే వచ్చింది కూడా పోతుందని చెప్పి ఇంటికి పంపారు.

మహేందర్ మడిగె ఖాళీ అయింది. అతను బస్టాండ్ వెనక ఇంకా చిన్న జాగ చూసుకున్నాడు. రేస్ చూసేవాళ్ల వాట్సాప్ గ్రూపులో ఆకాశ్ పేరు తీసేశారు. ఆకాశ్ తల్లి పద్మమ్మ కొడుకు మొహం చూసి, బడిలో ఏమన్న అయిందా అని రెండుసార్లు అడిగింది. తల్లికి అతను ఏదీ వివరంగా చెప్పలేదు. బడి అయ్యాక అప్పుడప్పుడు వినయ్ ఇంటికి వెళ్లేవాడు. రాధాబాయి టీ ఇచ్చేది. వినయ్ ఫోన్ చూసుకుంటూ పడుకునేవాడు.

ఒక శనివారం వెళ్లేసరికి కింద చెప్పులు చాలా ఉన్నాయి. బట్టల దుకాణం పైన ఇల్లు. మెట్ల మీదికే నవ్వులు వినిపిస్తున్నాయి. మహేందర్, అతనితో మరో నలుగురు వచ్చారు. మంచం కాలికి 93 రాసిన ఎర్ర జెండా కట్టారు. ఒకడు ఫోన్ పట్టుకొని గోడకు ఆనుకున్నాడు. వినయ్ లేచి నిలబడితే వీడియో తీసి, చాంపియన్ తిరిగొచ్చాడని అందరికీ పంపాలట. వినయ్ అప్పటికే మంచం అంచుకు జరిగాడు. ఇన్ని రోజుల తర్వాత అతని మొహంలో వెలుగు చూశాడు ఆకాశ్. అదే అతన్ని భయపెట్టింది. రాధాబాయి గుమ్మంలో కొంగు నోటికి అడ్డం పెట్టుకొని నిలబడింది, కొడుకు నవ్వుతున్నాడని వద్దనలేక.

మహేందర్ ఒక చంకలో చెయ్యి పెట్టాడు.

ఆకాశ్ పోయి మంచానికి అడ్డంగా నిలబడ్డాడు.

"లేపద్దు," అన్నాడు.

"వచ్చిండు సైన్సు సారు," అన్నాడు మహేందర్. "ఓసారి చెప్పి నా బతుకు బజార్ల ఏసినవ్. ఇంకేం మిగిలిందిరా నీకు చెప్పనీకి?"

"నీ చెయ్యి తియ్యన్నా. మనం లేపుడు అయిపోయింది."

ఎవరో నవ్వారు. ఫోన్ పట్టుకున్నవాడు దాన్ని కిందికి దించాడు. వినయ్ ఆకాశ్ నడుము పట్టుకొని పక్కకు నెట్టబోయాడు. ఒకప్పుడు అతన్ని అమాంతం ఎత్తి పడేసేవాడు. ఇప్పుడు ఆ తోపుకు ఆకాశ్ కదలలేదు. కదలనందుకు తనకే కళ్లలో నీళ్లు వచ్చాయి.

"తప్పుకో. నా కాళ్లు, నా ఇష్టం. పడ్తె నేనే పడ్త."

"పడ్తె నువ్వే పడ్తవ్. లేపేది నేనే అయితది. నాతోని గాదు వినయ్."

"నీ మొహం సూపియ్యకు మళ్ల."

"సరే. వాళ్లు పోయినంక పోత."

మహేందర్ చెయ్యి తీశాడు. ఏదో అనబోయి రాధాబాయిని చూసి ఆగిపోయాడు. ఒక్కొక్కరే మెట్లు దిగారు. వినయ్ గోడ వైపు మొహం తిప్పుకున్నాడు. రాధాబాయి వచ్చి అతని కాళ్లు రెండూ ఎత్తి మంచం మీద పెట్టింది. చెప్పిన మాట ప్రకారం ఆకాశ్ కిందికి వచ్చాడు.

దుకాణంలో గిరాకీ లేదు. సిద్ధిరాములు విప్పిన చీరలు మడత పెడుతున్నాడు. దవాఖానలో ఆ రోజు తర్వాత ఆయన ఆకాశ్‌తో మాట్లాడలేదు. పైన జరిగిందంతా మెట్ల గుండా విన్నట్టే ఉంది.

"ఆగు," అన్నాడు.

ఆకాశ్ ఆగాడు.

"వాళ్లు మళ్ల వస్తరు. ఇయ్యాల నేను దుకాణంల ఉండంగనే పైకి పోయిండ్రు. వాడు నవ్వుతుంటె నాకు గుడ కాదనబుద్ధి కాదు." చీర మడత తప్పింది. మళ్లీ విప్పాడు. "బడి ఎన్ని గంటలకు ఇడుస్తరు?"

"నాలుగున్నరకు, కాకా."

"నిన్ను సూస్తె నాకు కోపమే వస్తది. ఎన్నొద్దులైన వస్తది. అయినా రోజు రా."

పైకి రానివ్వడేమో వినయ్ అని ఆకాశ్ అన్నాడు. మెట్ల మీద కూర్చో అన్నాడు సిద్ధిరాములు, చీర మీది నుంచి కళ్లు ఎత్తకుండానే.