కంచరగాడిద కుడికాలు

మామగారి ముందుగదిలో అద్దాల బీరువా ఒకటుంది. అందులో వెండిసామాను లేదు, పుస్తకాలు లేవు. సీసంతో పోతపోసిన బొమ్మజంతువులున్నాయి. ఆవులు, గొర్రెలు, ఒంటెలు, పులులు, అన్నీ అరచేతిలో ఇమిడేవే. మందుల షాపు నడిపినన్నాళ్ళూ ఆయన వచ్చిన లాభమంతా ఆ పశువులకే మేపారని అత్తగారు ఇప్పటికీ సాధిస్తూనే ఉంటుంది.

బీరువా పక్కన రెండు కుర్చీలుంటాయి. ఒకటి మామగారిది. రెండోది పెద్దల్లుడిది. ఎవరూ రాసివ్వలేదు గానీ, ఆ ఇంటి అల్లుడైన కొత్తలోనే అది అతనిదైపోయింది. సీసం బొమ్మలు చేసిన కంపెనీలు చాలా ఉన్నాయి. కొన్ని పొట్టకింద గుర్తు వేస్తాయి, కొన్ని వెయ్యవు. గుర్తు లేని బొమ్మను చూసి ఇది ఫలానావాళ్ళ పని అని తేల్చేవాడికే ఆ ఇంట్లో మర్యాద. పాతబొమ్మల కొట్టు నడిపే పెద్దల్లుడు అందులో దిట్ట. బొమ్మను వెల్లకిలా తిప్పి, రెండు అచ్చులు కలిసిన గీత మీద బొటనవేలు నడిపించి, "గంటగుర్తువాళ్ళది మామగారూ" అనేవాడు. మామగారు ఆ మాటే అట్టముక్క మీద రాసి బొమ్మముందు నిలబెట్టేవారు. దానికి తిరుగు లేదు.

రెండో పిల్ల పెళ్ళయి చిన్నల్లుడు వచ్చేదాకా.

చిన్నల్లుడు కట్టుడుపళ్ళు తయారుచేసే ల్యాబులో పనిచేస్తాడు. మొదట్లో చేతులు కట్టుకుని "అవునా అన్నయ్యా, అలాగా అన్నయ్యా" అంటూ వినేవాడు. తర్వాత భూతద్దం తెచ్చుకున్నాడు. ఒకరోజు ఒంటెను చూసి, ఏ మాత్రం గొంతు పెంచకుండా, "అన్నయ్యా, మూపురం వెనక రంగు కింద ఇంకో గీత ఉంది చూడు" అన్నాడు. మామగారు చూశారు. నవ్వారు. ఒంటెముందున్న అట్టముక్క మారింది. ఆ రోజునుంచీ తోడల్లుడి పేరెత్తితే పెద్దల్లుడికి ఒళ్ళు భగ్గుమంటుంది. వాడు పళ్ళు కనిపించేలా నవ్వితే, ల్యాబులో మిగిలిన పళ్ళు పెట్టుకొచ్చాడని భార్య దగ్గర ఎగతాళి చేస్తాడు. ఆమె నవ్వదు. "నీకు వాడంటే కుళ్ళు" అంటుంది, అదేదో వాతావరణం సంగతి చెప్పినట్టు.

ఇప్పుడు పాతవస్తువుల సంఘంవాళ్ళు ప్రదర్శన పెడుతున్నారు. మామగారి బీరువా బీరువాగానే అక్కడికి వెళ్ళబోతోంది. అన్నిటికీ అట్టముక్కలున్నాయి. ఒక్క కంచరగాడిదకే లేదు. దాని పొట్ట నున్నగా ఉంది, ఏ గుర్తూ లేదు. పెద్దల్లుడు గంటగుర్తువాళ్ళదంటాడు. చిన్నల్లుడు అన్నదమ్ముల కంపెనీదంటాడు.

"ఆదివారం ఇద్దరూ రండి," అన్నారు మామగారు. "ఎవరి మాట నిలిస్తే వాళ్ళు బీరువా పక్కన నిలబడి వచ్చినవాళ్ళకి చెప్పాలి. అంతసేపు చెప్పాలంటే నా గొంతు పని చెయ్యదు. మీరిద్దరూ జనం ముందు కొట్టుకుంటే నా పరువు పోతుంది."

అంటే ఆదివారం తేలేది కంచరగాడిద సంగతి కాదు. ఆ కుర్చీ సంగతి.

పెద్దల్లుడు ముందే వచ్చి కూర్చున్నాడు. అత్తగారు గ్లాసులో టీ ఇచ్చింది. కాసేపటికి చిన్నల్లుడు వచ్చాడు. వాడికి సాసరుతో సహా కప్పు వచ్చింది. పెద్దల్లుడి కన్ను ఆ సాసరు మీదే ఉండిపోయింది.

"ఏం అన్నయ్యా, బాగున్నావా?"

"నాకేం తమ్ముడూ. నా పళ్ళింకా నావే."

చిన్నల్లుడు హాయిగా నవ్వాడు. అదే మంట. పొడిస్తే నొచ్చుకోనివాడితో ఎలా వేగడం.

మామగారు కంచరగాడిదను తీసి గుడ్డ మీద పెట్టారు. ముందు కుడికాలు ఎత్తిపెట్టి, వెళ్ళమంటే వెళ్ళనన్నట్టు నిలబడిన గాడిద. మిగతా మూడు కాళ్ళూ కింది పచ్చరంగు పలకకి అతుక్కుని ఉన్నాయి.

"చెప్పు పెద్దోడా."

పెద్దల్లుడు గొంతు సవరించుకున్నాడు. "మూడు గిట్టలు పలకకి అతుక్కున్నాయి, వాటి అడుగు కనపడదు. కనపడేది ఈ ఎత్తిన గిట్ట ఒక్కటే. దాని కింద సన్నటి గాడి ఉంది. గిట్ట కింద గాడి కోసేది ఒక్క గంటగుర్తువాళ్ళే. చిన్నపిల్లలు కూడా చెప్తారు."

ఆ చివరిమాట ఎవరికో అందరికీ తెలిసింది.

చిన్నల్లుడు టీ పూర్తిచేసి, కప్పు జాగ్రత్తగా పక్కన పెట్టి, జేబులోంచి చిన్న అయస్కాంతం తీశాడు. "ల్యాబులో కిందపడ్డ పిన్నులు ఏరుకోడానికి ఉంటుంది మామగారూ. సీసానికి ఇది అంటుకోదు కదా?"

"అంటుకోదు."

గాడిద వీపుమీద ఆనించాడు. అంటుకోలేదు. వెనకకాళ్ళకి ఆనించాడు. లేదు. ఎత్తిన కుడికాలి మోకాలి దగ్గరకి తెచ్చేసరికి అది టక్కున అంటుకుపోయింది.

"లోపల ఇనప చువ్వ ఉంది. విరిగిన పంటికి మేం పిన్ను వేసి పన్ను కట్టినట్టే. ఈ కాలు కంపెనీ చేసింది కాదు, ఎవరో తర్వాత అతికారు. మిగతా గాడిదంతా, ఈ చెవులు చూడండి, విడిగా పోసి అతికినవి. అన్నదమ్ముల కంపెనీ తప్ప ఇంకెవరూ అలా చెయ్యరు."

పెద్దల్లుడి చూపు ఆ అయస్కాంతం దగ్గరే ఆగిపోయింది. వాదన ఓడిపోయినందుకు కాదు, అది తర్వాత. ఆ చువ్వ ఏమిటో అతనికి తెలిసిపోయింది. సైకిల్ చువ్వ ముక్క. ఆ ముక్కను మోకాల్లోకి దించి, దానిచుట్టూ టంకం కరిగించి, సూదితో గిట్ట చెక్కి కాలు నిలబెట్టింది తనే.

పెళ్ళికి ముందు అతను బజారు వెనక రేకులషెడ్డులో విరిగిన బొమ్మలు అతికేవాడు. బడి మానేసి చేరిన మొదటి పని అదే. ఎన్ని కుంటి జంతువులు ఆ చేతులమీదుగా నడిచి వెళ్ళాయో లెక్కలేదు. ఈ గాడిద వచ్చిననాడు నమూనాకి చేతిలో ఉన్నది గంటగుర్తువాళ్ళ గుర్రం. దాని గిట్ట చూసి దీని గిట్ట చెక్కాడు, గాడితో సహా. పెళ్ళి కుదిర్చినవాళ్ళు అబ్బాయిది పాతవస్తువుల వ్యాపారం అని చెప్పారు. అతను కాదనలేదు. అతికేవాణ్ణి దొడ్డిగుమ్మం దగ్గర నిలబెడతారు, గుర్తుపట్టేవాడికి కుర్చీ వేస్తారు. అందుకే ఆ చేతిపని సంగతి కట్టుకున్న భార్యకి కూడా చెప్పకుండా, సోల్డరింగ్ ఐరన్ ఎవరికో ఇచ్చేసి, కొట్టు పెట్టుకున్నాడు. చివరికి తన చేతిపని తనే చూసి, గంటగుర్తువాళ్ళదని బల్లగుద్ది మరీ చెప్పాడు.

"అయితే పెద్దోడా, నువ్వు గుర్తుపట్టింది గాడిదని కాదు, దాని కట్టుడుకాలిని," అన్నారు మామగారు. వంటింట్లోంచి అత్తగారి నవ్వు వినపడింది.

"కానీ మామగారూ," అన్నాడు చిన్నల్లుడు, భూతద్దం కంటికి ఆనించి, "అన్నయ్య పొరబడడంలో తప్పులేదు. ఈ కాలు ఎవరు చేశారో గానీ, మహానుభావుడు. ఆ మోకాలి వంపు చూడండి. అడుగు వెయ్యాలా వద్దా అని గాడిద ఆలోచిస్తున్నట్టుంది. కంపెనీవాళ్ళు చేసిన మూడు కాళ్ళలో ఆ ప్రాణం లేదు. మా ల్యాబులో ఇలాంటి చెయ్యి ఒక్కటి లేదు."

మామగారు భూతద్దం లాక్కున్నారు. చాలాసేపు చూశారు. "ఎవడ్రా వీడు," అన్నారు, దాదాపు ప్రేమగా. ఆ గొంతు పెద్దల్లుడెప్పుడూ వినలేదు. ఇన్నేళ్ళు ఆ కుర్చీలో కూర్చుని ఇన్ని బొమ్మల పుట్టుపూర్వోత్తరాలు చెప్పినా, ఆయన తనతో ఒక్కసారీ ఆ గొంతుతో మాట్లాడలేదు.

"ఎవడో వీధిచివర అతుకులవాడు," అన్నాడు పుల్లవిరుపుగా. "అంత సీనేం లేదు. పిక్క కొంచెం లావైంది కూడా."

"లావు కాదన్నయ్యా, బరువు మోసిన గాడిదకి అలాగే ఉంటుంది."

"నువ్వెప్పుడు మోశావు?"

"నన్ను అంటే అను. ఆయన్ని అనకు."

ఎదుటివాడు తన పనిని వెనకేసుకొస్తున్నాడు, తను దాన్ని తీసిపారేస్తున్నాడు. నోరు మూసుకుని ఉంటే పోయేది. కానీ మామగారు చిన్నల్లుడి భుజం మీద చెయ్యేసి, "ఎలాగైనా ఈ మనిషిని వెతికిపట్టు. ట్రంకుపెట్టెలో నా కుంటివన్నీ ఉన్నాయి, ఆయనకే ఇద్దాం" అనేసరికి, పెద్దల్లుడికి ఆ వేసిన చెయ్యి తప్ప ఇంకేదీ కనపడలేదు.

"ఎక్కడా వెతకక్కర్లేదు. ఆ కాలు చేసింది నేనే."

గదిలో ఉన్న ఇద్దరూ అతనివైపు చూశారు. మామగారి ముఖంలో కోపం రాలేదు. అంతకంటే హీనమైనది, జాలి వచ్చింది.

"పెద్దోడా, తోడల్లుడి మీద కుళ్ళుకున్నావు, సరే, లోకంలో ఉన్నదే. ఎవడో ముక్కూమొహం తెలియనివాడి కాలు కూడా కాజేస్తావా?"

"నిజం మామగారూ. పెళ్ళికి ముందు..."

"పెళ్ళికి ముందు నువ్వు రాజ్యాలేలావు. ఊరుకో."

చిన్నల్లుడు మాత్రం ఆ మాట కొట్టిపారెయ్యలేదు. ట్రంకుపెట్టెలోంచి మూడుకాళ్ళ మేక ఒకటి తీసి అతని చేతిలో పెట్టాడు. "రేపు సాయంత్రం ల్యాబుకి రా అన్నయ్యా. బల్ల, సామాను నావి వాడుకో. చేసి చూపిస్తే మామగారే ఒప్పుకుంటారు."

వెళ్ళకూడదనుకున్నాడు. వెళ్ళాడు. ల్యాబంతా మైనం వాసన, సుద్దపొడి. గోడవారన అరల్లో ఎవరెవరివో దవడలు వరసగా నోళ్ళు తెరుచుకుని ఉన్నాయి. చిన్నల్లుడు తన స్టూలు తుడిచి ఇచ్చి, దీపం దగ్గరికి జరిపి, పక్కగదిలోకి వెళ్ళిపోయాడు. కనీసం తలుపు దగ్గర నిలబడి తొంగిచూసినా బాగుండేది, తిట్టుకోడానికి వీలుండేది.

చువ్వ దించడం చేతికి గుర్తుంది. టంకం ఎప్పుడు మెరిసి ఎప్పుడు మసకబారుతుందో కంటికి గుర్తుంది. కానీ గిట్ట దగ్గరకి వచ్చేసరికి సూది తడబడింది. ఒకసారి ఎక్కువ కోశాడు. దాన్ని పూడ్చి మళ్ళీ చెక్కాడు. అప్పట్లో ఈ వేళ్ళు ఆలోచించేవి కావు, నేరుగా చేసేవి. ఇప్పుడు ప్రతి గీతకీ ముందు ఇది గంటగుర్తువాళ్ళ గీతా, అన్నదమ్ముల గీతా అని ఒకడు లోపల కూర్చుని అడుగుతున్నాడు. మేకకి కాలైతే వచ్చింది. నిలబడింది. అంతే, నిలబడింది.

"బావుందన్నయ్యా," అన్నాడు చిన్నల్లుడు, ఒక్కక్షణం ఆలస్యంగా.

మర్నాడు మామగారు మేకనీ కంచరగాడిదనీ పక్కపక్కన పెట్టారు. చూసి, కళ్ళజోడు తీసి తుడుచుకుని, మళ్ళీ చూశారు.

"నా కళ్ళు నమ్మను. పెద్దోడా, నువ్వే చెప్పు. నువ్వు చేశావన్నది పక్కన పెట్టు. ఎవరో రెండు కాళ్ళు తెచ్చి నీ కొట్లో బల్లమీద పెట్టారనుకో. రెండూ ఒక్క చెయ్యేనా?"

ఇద్దరూ అతని నోటివైపే చూస్తున్నారు. పెద్దల్లుడు ముందు మేకను తీసుకున్నాడు. కొత్తకాలి మీద బొటనవేలు నడిపించాడు. తర్వాత గాడిద మోకాలి మీద. వేలు అబద్ధం ఆడదు. ఆ మోకాలు చేసినవాడికి భయం లేదు, ఎవరేమంటారోనన్న బెంగ లేదు, పక్కవాడి సాసరు మీద ధ్యాస లేదు. వాడెవడో గాడిదని చూశాడు, కాలు చేశాడు. అవును ఒక్క చెయ్యే అంటే అయిపోతుంది. ఆ మెచ్చుకోలంతా తనదవుతుంది, చిన్నవాడి నోరు మూతపడుతుంది. కానీ అలా అన్నవాడు బొమ్మను గుర్తుపట్టలేనివాడు. ఆ మాటా తనకే తగులుతుంది.

"ఇన్నేళ్ళయింది కదా మామగారూ, చెయ్యి మారుతుంది," అన్నాడు చిన్నల్లుడు మెల్లగా. "నేను నమ్ముతున్నాను. అన్నయ్యే చేశాడు."

ఆ నమ్మకమే కొంప ముంచింది. వాడి దయతో దొరికే కాలు తనకక్కర్లేదు.

"నీకేం తెలుసు?" అన్నాడు పెద్దల్లుడు. "వేరు వేరు చేతులు. మేకకాలు చేసినవాడు తడుముకుంటూ చేశాడు. గాడిదకాలు చేసినవాడు తెలిసి చేశాడు. ఇద్దరికీ సంబంధమే లేదు."

మామగారు తొడమీద చరుచుకున్నారు. "అదీ, అలా చెప్పు. మనిషివి దారిలో పడ్డావు. మరి నేనే చేశానని ఆ కోతలెందుకయ్యా?"

పెద్దల్లుడు మేకను తిరిగి మామగారి ముందు పెట్టాడు. చిన్నల్లుడు ఏదో అనబోయి, అతని ముఖం చూసి మానుకున్నాడు. మామగారు అట్టముక్క తీసుకుని, గాడిద అన్నదమ్ముల కంపెనీదనీ, ముందు కుడికాలు ఎవరిదో తెలియదనీ రాసి చిన్నల్లుడికిచ్చారు. ప్రదర్శనలో నిలబడేది వాడే. పెద్దల్లుడికి మాత్రం పక్కకుర్చీ చూపించారు. "కూర్చో. ఇంకా గొర్రెలున్నాయి, ఒకసారి చూసిపెట్టు."

కూర్చున్నాడు. ఎదురుగా కంచరగాడిద కాలెత్తి నిలబడి ఉంది. తోడల్లుడి మీద ఉన్న మంట కొంచెం పక్కకి జరిగి, ఆ మోకాలి మీద పడింది. రేకులషెడ్డులో మసిచేతులతో, కుర్చీ లేకుండా, నేలమీద గొంతుక్కూర్చుని పనిచేసుకున్న ఆ కుర్రవాడంటే అతనికి చెప్పలేనంత కుళ్ళుగా ఉంది.

"ఏమయ్యా," అన్నారు మామగారు, గాడిదను వేలితో నిమురుతూ, "ఎవడై ఉంటాడంటావ్?"

"ఎవడో," అన్నాడు పెద్దల్లుడు, గొర్రెను వెల్లకిలా తిప్పుతూ. "బతికుండడు లెండి."