పదిహేడు కాగితాలు, ఒకే చేతిరాత

ఆ లాండ్రీలో ఇరవై రెండేళ్ళుగా దుప్పట్ల మూలల మీద గుర్తులు వేస్తున్నాడు కాబట్టి అతన్ని అందరూ గుర్తుల మాస్టారు అనేవాళ్ళు. చదివింది ఏడో తరగతి. ఏ దుప్పటి ఏ ఆసుపత్రిది, ఏ తువ్వాలు ఏ హోటల్‌ది అన్నది చెరగని సిరాతో అతను రాస్తేనే తెలిసేది. గుడ్డ మీద సిరా పాకుతుంది. అందుకని అక్షరాలు విడివిడిగా, ఇటుకలు పేర్చినట్టు రాయడం అలవాటైపోయింది. చివరికి ఇంట్లో సరుకుల చీటీ రాసినా అవే ఇటుకలు. ఎన్నిసార్లు ఉతికినా వదలని మరక కనిపిస్తే, ఆ మూల చిన్న సున్నా చుట్టి మధ్యలో అడ్డగీత కొట్టేవాడు. ఇది ఇంక మారదు, దీని మీద సబ్బు దండగ చెయ్యకండి అని దాని అర్థం. లోపల పనిచేసే ప్రతివాడికీ ఆ గుర్తు తెలుసు. తెలియంది ఆఫీసు గదిలో వాళ్ళకే.

ఆఫీసు గదిలోకి కొత్త మేనేజర్ వచ్చి ఎనిమిది నెలలైంది. నోరు తెరిస్తే ఎదుగుదల. యంత్రం ఆగిపోతే అది ఎదగడానికి అవకాశం. ఇద్దరి పని ఒకడి నెత్తిన పడితే అది ఇంకా పెద్ద అవకాశం. అలా అలా ఆయనకు ఎదుగుదల సారు అన్న పేరు స్థిరపడింది, వీపు వెనకాలే అనుకోండి. గోడలకు సున్నం వేయించమంటే పోస్టర్లు వేయించాడు. తడి దుప్పట్లను లాగి ఆరబెట్టే ఇస్త్రీ రోలర్ పక్కన, ప్రమాదమొస్తే దాన్ని ఆపే ఎర్ర స్విచ్ పాడైపోయింది. దాన్ని బాగుచేయించలేదు గానీ దాని మీద ఓ పోస్టర్ తగిలించాడు. కొండ కొమ్మున చేతులు చాచి నిలబడ్డ మనిషి, కింద ‘భద్రత నాతోనే మొదలు’ అన్న అక్షరాలు. అది తగిలించిన మూడో వారంలో పెద్దమ్మ చెయ్యి కాలింది.

పెద్దమ్మ అంటే రోలర్ దగ్గర దుప్పట్లు అందించే ఆవిడ. అందరికీ పెద్దమ్మే. ఆ రోజు చొక్కా చెయ్యి దుప్పటితో పాటు లోపలికి పోయింది. రెండో చేత్తో పోస్టర్ చించి స్విచ్ నొక్కింది. నొక్కింది, నొక్కింది. రోలర్ తన మానాన తాను తిరిగింది. ఎవరో మెయిన్ బోర్డు దగ్గరికి పరిగెత్తి కరెంటు తీసేసరికి ముంజేతి మీద చర్మం ఊడిపోయింది. మర్నాటికి చిరిగిన పోస్టర్ స్థానంలో కొత్త పోస్టర్ వచ్చింది. స్విచ్ రాలేదు.

ఇలా ఉండగా హెడ్డాఫీసు నుంచి కాగితాలొచ్చాయి. ‘మీ నాయకుడి గురించి మనసు విప్పి చెప్పండి. పేరు రాయనక్కర్లేదు’ అని పైన అచ్చు, కింద నాలుగు ఖాళీ గీతలు. గేటు దగ్గర తాళం వేసిన డబ్బా పెట్టారు.

మొదట గుర్తుల మాస్టారి దగ్గరికి వచ్చింది అతని బావమరిదే. భార్యకు తమ్ముడు, రోలర్ ఆపరేటరు.

“బావా, నా కాగితం నువ్వు రాసిపెట్టు. నా రాత ఆ ఎదుగుదలగాడికి తెలిసిపోద్ది.”

“ఏం రాయమంటావ్?”

“గాడిద అని రాయి. గాడిదైనా బరువు మోస్తుంది, వీడు అదీ మొయ్యడు అని రాయి. భయమేంటి నాకు?”

భయం లేనివాడు గొంతు తగ్గించి, నాలుగు వైపులా చూసి మరీ చెప్పాడు. మాస్టారు కాసేపు కలం నోట్లో పెట్టుకుని, ‘మేనేజర్ గారు పని భారాన్ని ఇంకొంచెం పంచుకుంటే బాగుంటుంది’ అని రాశాడు.

తర్వాత మడతలు పెట్టే ఆవిడ వచ్చింది. తర్వాత నీళ్ళు పిండే యంత్రం దగ్గరివాడు. తర్వాత వ్యాన్ డ్రైవరు. రాయడం రానివాళ్ళు రాదని వచ్చారు, వచ్చినవాళ్ళు తమ రాత పట్టుబడుతుందని వచ్చారు. ఈ తెలివి తనొక్కడికే తట్టిందని ప్రతివాడి నమ్మకం. పదో మనిషి వచ్చినప్పుడు, అన్నీ ఒకే రాతలో పోతున్నాయేమోనని మాస్టారికి అనుమానం వచ్చింది. కానీ ఇంతమంది తన బల్ల చుట్టూ తిరగడం ఇరవై రెండేళ్ళలో ఇదే మొదటిసారి. ఆ గొప్పలో ఆ అనుమానం కొట్టుకుపోయింది. ఒక్కొక్కడి బూతూ తీసేసి, ఉతికి, ఆరేసి, మర్యాదగా మడతపెట్టి పదిహేడు కాగితాలు రాశాడు. పెద్దమ్మది మాత్రం ఒక్క మాట మార్చలేదు. ‘పోస్టర్ తియ్యండి. స్విచ్ పెట్టండి’ అంది ఆవిడ. అంతే రాశాడు.

తన కాగితం మీద ‘అంతా బాగానే ఉంది’ అని రాసుకున్నాడు.

ఎందుకంటే షిఫ్ట్ ఇన్‌ఛార్జ్ పోస్టు ఖాళీగా ఉంది. ఇన్‌ఛార్జ్‌కి గాజు గది, తెల్ల కోటు, అన్నిటికన్నా ముఖ్యం కుర్చీ. ఇరవై రెండేళ్ళు నిలబడ్డ మోకాళ్ళకు కుర్చీ అంటే ఏమిటో కూర్చుని పనిచేసేవాళ్ళకు చెప్పినా అర్థం కాదు. ఆ పోస్టు నీదేనని మేనేజర్ రెండుసార్లు భుజం తట్టాడు. మాస్టారి భార్య అప్పుడే అక్కాచెల్లెళ్ళందరికీ ఫోన్లు చేసి చెప్పేసింది.

వారం తిరక్కుండా మేనేజర్ పిలిచాడు. బల్ల మీద హెడ్డాఫీసు పంపిన కాగితాల నకళ్ళు పరిచి ఉన్నాయి. వాటి పక్కనే ఒక ఆసుపత్రి దుప్పటి, మూల పైకి తిప్పి ఉంది. కాగితాల మీద ఇటుకలు, దుప్పటి మీద ఇటుకలు.

“కూర్చోండి మాస్టారూ,” అన్నాడు మేనేజర్. ఆ గదిలో అతన్ని కూర్చోమనడం అదే మొదలు. “మీలో ఇంత బాధ ఉందని నాకు తెలీదు.”

“నాది కాదండీ అదంతా. వాళ్ళు చెప్తే నేను...”

“వాళ్ళంటే ఎవరు? పేర్లు చెప్పండి, పిలిచి మాట్లాడదాం.”

మాస్టారు దుప్పటి మూలను కిందికి మడిచాడు. మేనేజర్ నవ్వాడు. శిక్షణ తీసుకుని నేర్చుకున్న నవ్వు. పళ్ళు కనిపిస్తాయి, కళ్ళు కదలవు.

“పేర్లు నాకూ వద్దులెండి. ఎల్లుండి హెడ్డాఫీసు మేడమ్ వస్తున్నారు. అందరి ముందూ ఒక్క మాట చెప్పండి చాలు. ఇవన్నీ నేనే రాశాను, ఏదో చిరాకులో రాశాను అని. నేను క్షమిస్తాను. క్షమించడం నాయకుడి లక్షణం. ఆ వెంటనే ఇన్‌ఛార్జ్‌గా మీ పేరు ప్రకటిస్తాను. మీరూ ఎదుగుతారు, నేనూ ఎదుగుతాను.”

అంటే పదిహేడు నోళ్ళు ఒక్క నోరవుతాయి. ఆ ఒక్క నోట్లో కుర్చీ పెడితే మూతపడుతుంది. ఈయనకు బుర్ర లేదని ఎవరన్నారో గానీ పొరపాటే అనుకున్నాడు మాస్టారు.

సాయంత్రం ఇంట్లో సంగతి చెప్పాడు.

“ఒప్పేసుకోండి. మీరు రాసిందే కదా, అబద్ధమేం ఉంది?” అంది భార్య. “మోకాళ్ళకి నూనె రాసీ రాసీ నా చేతులు పడిపోతున్నాయి.”

బావమరిది అక్కడే ఉన్నాడు. రెండో ముద్ద నోట్లో పెట్టుకుంటూ, “అక్క చెప్పింది నిజమే బావా. ఆ గాడిదకి ఎదురెళ్ళి మనం బావుకునేదేముంది?” అన్నాడు.

“గాడిదని రాయమంది నువ్వే కదరా!”

“అది కాగితం మీద బావా. నోటితో అన్నానా?”

ఎల్లుండి రానే వచ్చింది. మడతల హాల్లో మేడమ్‌కి ఒక కుర్చీ, మేనేజర్‌కి ఒక కుర్చీ వేశారు. మిగతావాళ్ళంతా నిలబడ్డారు. మొదలయ్యే ముందు పెద్దమ్మ మాస్టారి బల్ల దగ్గరికి వచ్చింది. కట్టు విప్పేశారు. ముంజేయి ఎర్రగా, నున్నగా మెరుస్తోంది.

“నాయనా, స్విచ్ మాట రాశావు కదూ?”

“రాశాను పెద్దమ్మా.”

“అదే, అడుగుదామని. నాకు చదవడం రాదు కదా.” వచ్చిన దారినే వెళ్ళిపోయింది.

ఆవిడ తిడితే బాగుండేదనిపించింది మాస్టారికి.

మేనేజర్ లేచి, కుటుంబం అన్నాడు, ప్రయాణం అన్నాడు, శిఖరం అన్నాడు. తర్వాత గొంతు మెత్తగా చేసుకున్నాడు. “మేడమ్, మీకొచ్చిన కాగితాలన్నీ ఒకే చేతిరాతలో ఉన్నాయి. రాసినాయన ఇక్కడే ఉన్నారు. తనే ముందుకొచ్చి చెప్పాలనుకుంటున్నారు. ఆ ధైర్యానికి చప్పట్లు.”

నాలుగు చప్పట్లు పడ్డాయి. అందులో రెండు బావమరిదివి.

మాస్టారు ముందుకొచ్చాడు. అతని చూపు మేనేజర్ కూర్చున్న కుర్చీ మీద పడింది. చేతులున్న కుర్చీ, వీపుకు దిండున్న కుర్చీ.

“రాసింది నేనేనండీ,” అన్నాడు.

మేనేజర్ క్షమించడానికి నోరు తెరిచాడు.

“కానీ అవి నా మాటలు కావు. పదిహేడుమంది చెప్తే రాశాను. చెప్పినట్టు కూడా రాయలేదు, బాగా ఉతికి రాశాను. అసలు సరుకు కావాలంటే వాళ్ళనే అడగండి. నా సొంత కాగితం మీద అంతా బాగానే ఉందని రాశాను. ఇన్‌ఛార్జ్ పోస్టు కోసం. అబద్ధం ఏదన్నా ఉందంటే అదొక్కటేనండీ.”

మేడమ్ కళ్ళజోడు తీసి, “ఎవరన్నా మాట్లాడతారా?” అంది. పదిహేడుమందీ తమ చెప్పుల్ని అంత శ్రద్ధగా ఎప్పుడూ చూసుకుని ఉండరు.

పెద్దమ్మ మాత్రం నేరుగా వెళ్ళి మేడమ్ చెయ్యి పట్టుకుంది. “రామ్మా” అని రోలర్ దగ్గరికి లాక్కెళ్ళింది. పోస్టర్ మీది కొండెక్కిన మనిషిని పైకెత్తి, “నొక్కు” అంది.

మేడమ్ నొక్కింది. గట్టిగా నొక్కింది. రోలర్ ఆవిరి కక్కుతూ తిరుగుతూనే ఉంది. పెద్దమ్మ తన ముంజేతిని ఆ స్విచ్ పక్కన పెట్టి చూపించింది.

అప్పుడు తెరుచుకున్నాయి నోళ్ళు. మడతలావిడ మొదలుపెట్టింది, వ్యాన్ డ్రైవరు అందుకున్నాడు. మాస్టారు తీసేసిన బూతులన్నీ ఒక్కొక్కటే తిరిగొచ్చాయి, వడ్డీగా కొత్తవీ వచ్చాయి. మేనేజర్ నవ్వు మాత్రం చెక్కుచెదరలేదు. తీసెయ్యడం ఎలాగో శిక్షణలో చెప్పలేదేమో.

చివర్లో మేడమ్, “ఇంకెవరైనా?” అంది.

బావమరిది చెయ్యెత్తాడు. “నాకైతే ఏ ఇబ్బందీ లేదండీ. సారు దగ్గర చాలా నేర్చుకుంటున్నాను.”

మూడో రోజుకి కొత్త స్విచ్ వచ్చింది. నొక్కితే రోలర్ టక్కున ఆగుతుంది. పెద్దమ్మ పనిలోకి దిగేముందు రోజూ ఒకసారి నొక్కి, ఆగిందని చూసుకుని, మళ్ళీ ఆన్ చేసుకుంటుంది. నెల తిరిగేసరికి మేనేజర్‌కి హెడ్డాఫీసు నుంచి బహుమానం వచ్చింది. ‘వినే నాయకుడు’ అట. పనివాళ్ళు అంత నిర్భయంగా మాట్లాడగలిగే వాతావరణం కల్పించినందుకు. అది అందుకుంటున్న ఫోటోకి ఫ్రేమ్ కట్టించి గోడకు కొట్టించుకున్నాడు. స్విచ్‌కి అడ్డం కాకుండా నాలుగు గజాల దూరంలో, ఆ మాత్రం ఎదుగుదల ఉంది.

షిఫ్ట్ ఇన్‌ఛార్జ్ పోస్టు బావమరిదికి వచ్చింది.

“పోన్లెండి, బయటికైతే పోలేదు కదా,” అంది భార్య. అక్కాచెల్లెళ్ళకి మళ్ళీ ఫోన్లు చేసింది. పోస్టు అదే, మనిషి పేరు మార్చింది, అంతే.

మొదటి రోజు బావమరిది కొత్త తెల్ల కోటు పట్టుకుని మాస్టారి బల్ల దగ్గరికి వచ్చాడు. లాండ్రీలో ఉతికే ప్రతి గుడ్డకూ గుర్తు ఉండాలి. కోటు కూడా గుడ్డే.

“గుర్తు వెయ్యి బావా. అన్నట్టు, నిలబడి పనిచేస్తే చురుకుదనం పెరుగుతుందట తెలుసా? సారు చెప్పారు. మనం ఎదగాలి బావా, మారాలి.”

“వేస్తాలే. అలా కూర్చో,” అన్నాడు మాస్టారు.

కోటు తిరగేసి, కాలర్ మడత లోపల, తొడుక్కున్నవాడికి ఎన్నటికీ కనపడని చోట, తీరిగ్గా సున్నా చుట్టాడు. మధ్యలో అడ్డగీత కొట్టాడు. సిరా పాకకుండా ఊది మరీ ఆరబెట్టాడు.

వారం తర్వాత ఆ కోటు ఉతికాక ఇస్త్రీకి వెళ్ళింది. ఉన్నట్టుండి రోలర్ ఆగిపోయింది. ఏమైందోనని అందరూ తలలు తిప్పి చూశారు. పెద్దమ్మ ఒక చేత్తో కాలర్ పట్టుకుని, రెండో చెయ్యి ఎర్ర స్విచ్ మీద ఆనించి, ఊపిరాడకుండా నవ్వుతోంది.