అక్క కారుకు మూత

పెట్రోలు బంకులో ఫోను మాట్లాడుతూ చెల్లెలు ట్యాంకు మూతను కారు పైకప్పు మీద పెట్టింది. మాటలు అయిపోయాయి, ట్యాంకు నిండింది, మూత సంగతి మరిచిపోయి ఇంటికొచ్చేసింది. గుర్తొచ్చి వెనక్కి పరుగెత్తేసరికి మలుపు దగ్గర ఏ లారీ చక్రం కిందో పడి అట్టముక్కలా అణిగిపోయి ఉంది.

పుస్తకాలు బైండు చేసే పని ఆమెది. కారు మాత్రం అక్కది. అక్క కాన్పుల నర్సు. ముప్ఫై రెండేళ్ళు ఆ కారులోనే ఇంటింటికీ వెళ్ళి పురుళ్ళు పోసింది. అమ్మానాన్నలు పోయేనాటికి చెల్లెలికి ఎనిమిదేళ్ళు; పెంచిందీ, చదివించిందీ, ఒక పనిలో కుదిర్చిందీ అక్కే. ఇప్పుడు రెండు కళ్ళకూ శుక్లాలు వచ్చి స్టీరింగు చెల్లెలి చేతికి అప్పగించింది. ఎల్లుండే మొదటి కంటికి ఆపరేషను. ఆసుపత్రి నలభై కిలోమీటర్ల దూరం.

ఇలాంటప్పుడు నిజం చెప్పడానికి చెల్లెలికి నోరు రాలేదు. మూత ఎవరో ఎత్తుకుపోయారని చెప్పింది. అక్క నమ్మేసి, అయితే ఈసారి తాళం ఉన్నది కొనమంది.

పాత కార్ల విడిభాగాలు అమ్మే సందులో నట్టు బాబాయి దుకాణం ఉంది. ఏ నట్టు ఏ బండిదో చేత్తో తడిమి చెప్పేస్తాడని అందరూ ఆయన్ని అలా పిలుస్తారు. ట్యాంకు మూతి కొలతను ఆమె దారంతో తీసుకుని వెళ్ళింది. ఆయన ఆ దారం చూసి మూడు మూతలు బల్ల మీద పెట్టాడు. ఒకటి ప్లాస్టిక్‌ది, ఒకటి నల్లబడిన ఇనప మూత, మూడోది తాళంచెవితో అద్దంలా మెరుస్తున్నది.

"ట్యాంకులోకి గాలి ఎక్కణ్ణుంచి వెళ్తుందమ్మా? వేరే గొట్టం ఉందా, మూతలోంచేనా?" అని అడిగాడు.

ఆమెకు తెలియదు. కొన్ని పాత బండ్లకు మూతే గాలికి దారి అనీ, కారు తెస్తే చూసి ఇస్తాననీ ఆయన చెప్పాడు. ఆమె చూపు మెరిసేదాని మీదే ఉంది. అడిగినట్టు తాళం కూడా ఉంది గనక అక్క ఇంకేమీ ఆరా తీయదు. అదే తీసుకుంది. బాబాయి కాదనలేదు. అట్టముక్క మీద ఫోను నంబరు రాసిచ్చి, ఇబ్బందైతే చెయ్యమన్నాడు.

ఆపరేషను రోజు పొద్దున్నే, కావలసినదానికన్నా చాలా ముందే బయలుదేరారు. పద్దెనిమిది కిలోమీటర్లు దాటి ఎత్తు ఎక్కుతుండగా బండి రెండుసార్లు దగ్గి ఆగిపోయింది. కాసేపాగి తాళం తిప్పితే కదిలింది, అంతలోనే మళ్ళీ మొరాయించింది. చెల్లెలు గాభరాగా తాళం మళ్ళీ మళ్ళీ తిప్పింది. అక్క మాత్రం, కంగారుపడితే బండి కదలదు, ఆ కొట్టాయనకు ఫోను చెయ్యమంది.

మూత మెల్లగా తిప్పుతూ చప్పుడు వినమన్నాడు బాబాయి.

"బుస్సుమని గాలి లోపలికి లాగేసింది బాబాయ్."

"అదే మరి. పెట్రోలు ఇంజనుకు వెళ్ళాలంటే ఖాళీ అయిన చోటికి గాలి రావాలి కదమ్మా. ఈ మూత దాని గొంతు నొక్కేస్తోంది."

నాలుగైదు కిలోమీటర్లకోసారి ఆగి, మూత తెరిచి మూసుకుంటూ నింపాదిగా వెళ్ళమన్నాడు. ఏ ఆసుపత్రో కనుక్కుని ఫోను పెట్టేశాడు.

అలా ఆగిన రెండోసారి ఆమె ఇక ఉండబట్టలేకపోయింది.

"అక్కా, మూత ఎవరూ ఎత్తుకుపోలేదు. నేనే కారు పైన పెట్టి మర్చిపోయాను."

అక్క భుజాలు కదిలేలా నవ్వింది.

"నువ్వు పోగొట్టింది మూడోదే. మొదటి రెండూ నా ఘనతే. ఒకటి కవలల కాన్పు చేసిన రోజు, ఇంకోటి నువ్వు పరీక్ష పాసైన రోజు."

"మరి ఎప్పుడూ చెప్పలేదే?"

"పెద్దదాన్ని కదే, పరువుండొద్దూ?"

పిలిచే వేళకు అయిదు నిమిషాల ముందు ఆసుపత్రి చేరారు. అక్కను లోపలికి తీసుకెళ్ళాక చెల్లెలు కారు దగ్గరికొచ్చి నిలబడింది. ఇంకో గంటకు బాబాయి స్కూటరు మీద వచ్చాడు. సంచిలోంచి మూతలు ఒక్కొక్కటీ తీసి చూశాడు. మొదటిది వదులు. రెండోది సరిపోయింది గానీ లోపలి రబ్బరు ఎండి బీటలిచ్చింది. పెట్రోలు చిందుతుందని పక్కన పెట్టాడు. మూడోది చక్కగా కూర్చుంది. దాన్ని మళ్ళీ తీసి శుభ్రంగా తుడిచి, పైవైపునుంచి ఊదాడు, గాలి పోయింది. అడుగువైపునుంచి ఊదాడు, పోలేదు. ఆమె చేత కూడా ఊదించాడు.

"గాలి లోపలికెళ్ళాలి, పెట్రోలు బయటికి రాకూడదు. ఇదీ నీ కారు మూత. కాస్త సొట్టపడింది, ఏమనుకోకు."

కొట్టు మూసుకుని ఇంత దూరం ఎందుకొచ్చారని ఆమె అడిగింది. ఆ రోజే ఇంకొంచెం గట్టిగా చెప్పాల్సిందని రెండు రోజులుగా మనసు పీకుతోందట. ఆమె ఆయన రెండు చేతులూ పట్టుకుంది.

"చెప్పినా విననిదాని కోసం వచ్చారు. ఈ మేలు మర్చిపోను బాబాయ్."

ఆయన మొహమాటపడిపోయి, ఒక కాఫీ తాగి, ఆపరేషను బాగా అయిందని తెలిసేదాకా ఉండి వెళ్ళాడు.

సాయంత్రం తిరుగుదారిలో బండి ఒక్కసారి కూడా ఆగలేదు. కంటికి కట్టుతో అక్క పక్క సీట్లో కూర్చుంది.

"ముప్ఫై ఏళ్ళు ఈ దారిలో తిరిగాను. రోడ్డు తప్ప ఇంకేమీ చూడలేదు. నన్ను కూర్చోబెట్టి తీసుకెళ్ళే మనిషి ఒకరుంటారని అనుకోలేదే."

"పెంచింది నువ్వు కదక్కా."

"పెంచితే మాత్రం? అందరూ తీసుకెళ్తారా?"

చెల్లెలు గేరు మార్చే వంకతో తల తిప్పుకుంది.

నెల తర్వాత రెండో కంటికీ ఆపరేషను అయింది. చూపు చక్కబడింది, ఇక బండి నడపొచ్చని డాక్టరు చెప్పింది. అక్క ఒకరోజు వీధి చివరిదాకా నడిపి చూసుకుంది. తిరిగొచ్చి తాళాలు చెల్లెలి చేతిలో పెట్టింది.

"నువ్వే నడుపు. నేను చూడాల్సినవి చాలా ఉన్నాయి," అంటూ అటువైపు తలుపు తీసుకుని కూర్చుని, కిటికీ అద్దం దించుకుంది.